పెద్దవాళ్ల హక్కు వారి చేతికి అందేదాకా
ప్రభుత్వ పింఛను, వైద్యం, రక్షణ: దాతలు తెలుసుకోవలసిన సంగతులు

అబిడ్స్, నాంపల్లి బస్తీల్లో రంజాన్ నెలలో రేషన్ కిట్లు పంచేవారికి ఒక సంగతి బాగా తెలుసు. వరుసలో నిలబడే పెద్దవాళ్లలో చాలామంది కిందటేడు వచ్చినవారే. ఆగాపురా నుంచి, బజార్‌ఘాట్ నుంచి, చిరాగ్ అలీ లేన్ వెనక గల్లీల నుంచి ఏటా అదే ఖాలాజాన్, అదే చాచా వస్తారు. మనం ఇచ్చిన బియ్యం, నూనె, పప్పు నెల తిరిగేలోగా అయిపోతాయి. మిగతా పదకొండు నెలల మాటేమిటని ఎవరూ అడగరు.

వీరిలో ఎంతోమందికి ప్రభుత్వం నుంచి నెలనెలా రావలసిన డబ్బు ఉంది. ఉచితంగా అందవలసిన మందులు, ఆపరేషన్లు, చేతికర్ర, వినికిడి మిషన్ ఉన్నాయి. కొడుకులు పట్టించుకోకపోతే వెళ్లి అడగడానికి చట్టమూ, దాన్ని వినే అధికారీ ఉన్నారు. అయినా అవి అందడం లేదు. కారణం ఎక్కువగా అర్హత లేకపోవడం కాదు, కాగితం సరిగా లేకపోవడం. ఆ కాగితాన్ని సరిచేయించి, ఆఫీసుకు తోడు వెళ్లే మనిషి ఇంట్లో లేకపోవడం. దాతల సొమ్ములో కొంత భాగం ఈ పనికి వెళ్తే ఎంత ప్రయోజనమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నెలవారీ పింఛను

తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబరులో మొదలయ్యాయి. అప్పట్లో వృద్ధులకు నెలకు 1,000 రూపాయలు. 2019లో అది 2,016 అయింది. వయసు అర్హత మొదట 65 ఏళ్లు ఉండేది, 2021 ఆగస్టులో దాన్ని 57కు తగ్గించారు. ఇప్పుడు ఈ పథకాన్ని చేయూత అంటున్నారు. 2023 ఎన్నికల్లో పింఛనును 4,000 చేస్తామన్న హామీ వచ్చింది. అయితే పెంపు ఖాతాలో పడేదాకా ఇంటి లెక్క 2,016తోనే వేసుకోవడం మంచిది.

వృద్ధాప్య పింఛనుతో పాటు వితంతువులకు, ఒంటరి మహిళలకు కూడా ఇదే మొత్తం వస్తుంది. దివ్యాంగులకు 2023లో 4,016 చేశారు. ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటుంది. కుటుంబంలో ఒక్కరికే వృద్ధాప్య పింఛను అన్నది నియమం. దివ్యాంగుల పింఛనుకు ఆ పరిమితి లేదు. భర్తకు వృద్ధాప్య పింఛను వస్తున్న ఇంట్లో భార్యకు నడవలేని, చూడలేని వైకల్యం ఉంటే, ఆమె సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. దాని మీద ఆమెకు విడిగా పింఛను అడగవచ్చు. ఈ సంగతి తెలియక ఊరుకున్న ఇళ్లు ఎన్నో.

పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయలకు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నా, వేరే పింఛను వస్తున్నా అర్హత ఉండదు. అందుకే దరఖాస్తుకు ముందు ఒక ప్రశ్న అడగాలి: చాచా ఏదైనా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారా? ప్రావిడెంట్ ఫండ్ కట్టి ఉంటే ఆయనకు అక్కడి నుంచే పింఛను రావచ్చు. ఆ పథకంలో కనీస పింఛను 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వక అది ఆగిపోయి ఉండవచ్చు కూడా. కొత్త దారి వెతికే ముందు మూసుకుపోయిన పాత దారి తెరుచుకుంటుందేమో చూడాలి. ఆ పత్రం కోసం మంచం దిగలేనివారు బ్యాంకుకు వెళ్లనక్కరలేదు. పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి అది చేసి పెడతారు.

మరో ముఖ్య విషయం, కొత్త పింఛన్లు ఏడాది పొడవునా మంజూరు కావు. ప్రభుత్వం విడతలవారీగా తలుపు తెరుస్తుంది. 57 ఏళ్ల వారి దరఖాస్తులు 2021 ఆగస్టులో తీసుకుంటే, ఆ పింఛన్లు 2022 ఆగస్టు 15 నుంచి మొదలయ్యాయి. ప్రజాపాలన దరఖాస్తులు 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు మాత్రమే తీసుకున్నారు. ఆ కొద్ది రోజుల్లో ఆధార్ సరిచేయించి, ఆదాయ ధ్రువపత్రం తెచ్చి, ఫోటో తీయించి, ఫారం నింపడం డెబ్బై ఏళ్ల ముసలమ్మ వల్ల అయ్యే పనేనా? తలుపు తెరిచిన రోజున కాగితాలు సిద్ధంగా ఉన్నవారిదే దరఖాస్తు. కాబట్టి తలుపు మూసి ఉన్న కాలమే అసలు పని చేయవలసిన కాలం.

పేరు, పుట్టిన తేదీ, వేలిముద్ర

మన ఇళ్లలో కాగితాల చిక్కు ఎక్కువగా పేరు దగ్గరే వస్తుంది. ఆధార్‌లో మహమ్మద్ అని పూర్తిగా ఉంటుంది, ఓటరు కార్డులో ఎం.డి. అని ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. ఆడవాళ్ల విషయంలో మరీ కష్టం. ఒకచోట బీ, ఒకచోట బేగం, మరొకచోట ఉన్నీసా. ఇంట్లో పిలిచే పేరు వీటిలో ఏదీ కాదు. మనిషి ఒకరే అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు.

ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. అందువల్ల ఎవరో చెప్పారని తొందరపడి మార్పించకూడదు. ముందు అన్ని కాగితాలూ ఒకచోట పరచి చూడాలి. వాటిలో ఏ పేరు ఎక్కువ చోట్ల ఉంది, దేన్ని మార్చడం తేలిక అన్నది తేల్చుకోవాలి. చాలాసార్లు ఆధార్‌ను ముట్టుకోకుండా బ్యాంకు పుస్తకం సరిచేయించుకుంటే సరిపోతుంది. వయసుకు ఆధారం లేనివారికి పాత ఓటరు కార్డు పనికొస్తుంది. దాన్ని పారేయవద్దని చెప్పడం కూడా సేవే.

ఇక వేలిముద్ర. జరీ, జర్దోసీ పని చేసిన వేళ్లు, గిన్నెలు తోమిన చేతులు, ఇటుకలు మోసిన చేతులు వయసు మీద పడేసరికి నునుపెక్కిపోతాయి. మిషన్ మీద వేలు పెడితే పడదు. అక్కడి మనిషి మళ్లీ రమ్మంటాడు, ఖాలాజాన్ తన తప్పేమో అనుకుని ఇంటికి వెళ్లిపోతుంది. వేలిముద్ర పడనివారికి కనుపాప ద్వారా, ముఖం ద్వారా గుర్తింపు చేసే పద్ధతులున్నాయి. పక్కన నిలబడి ఆ మాట మర్యాదగా అడిగే మనిషి ఉంటే చాలు. పరదా పాటించేవారికి మహిళా సిబ్బంది ఉన్న కౌంటర్ చూసి తీసుకెళ్లడం, తోడుగా మరో మహిళను పంపడం మంచిది.

వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువపత్రం కావాలి. మన దగ్గర ఆసుపత్రిలో కాక ఇంట్లోనే కన్నుమూసినవారిని ఆ రోజే ఖబ్రస్తాన్‌కు తీసుకెళ్తాం. ఆ తర్వాత నమోదు సంగతి ఎవరికీ గుర్తుండదు. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే పని తేలిక. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. ఎప్పుడో పోయిన భర్త మరణాన్ని ఇప్పుడు రుజువు చేయలేక పింఛను వదులుకునే స్త్రీలు ఈ కారణంగానే కనిపిస్తారు. దఫన్ జరిగిన రోజే ఖబ్రస్తాన్ వారి దగ్గర రసీదు తీసుకోవాలి. వారంలోగా నమోదుకు వెళ్లాలి. ఈ మాట ప్రతి మసీదు కమిటీ చెప్పగలదు, దీనికి ఖర్చు లేదు.

కాగితాలు ఎక్కడ ఇవ్వాలన్నది కూడా చెప్పాలి. ఆదాయ ధ్రువపత్రానికి మీ సేవలో దరఖాస్తు చేస్తే అది తహసీల్దారు కార్యాలయానికి వెళ్తుంది. మన ప్రాంతం హైదరాబాద్ జిల్లా నాంపల్లి మండలం కిందికి వస్తుంది. ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష కాబట్టి తెలుగు రాయలేనివారు ఉర్దూలో అర్జీ ఇవ్వవచ్చు. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగాలి. మహిళలకు ఆర్టీసీ సిటీ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ప్రయాణం ఉచితం కాబట్టి ఖాలాజాన్‌కు ఆటో ఖర్చు లేకుండానే ఆఫీసుకు వెళ్లి రావచ్చు. గుర్తింపు కార్డు వెంట ఉంటే చాలు.

వైద్యం

పెద్దవాళ్ల వైద్యాన్ని రెండుగా చూడాలి. ఒకటి రోజూ మింగే మాత్రలు, రెండోది ఆసుపత్రిలో చేరవలసి వచ్చినప్పటి ఖర్చు.

మొదటిదానికి బస్తీ దవాఖానాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. నగరంలో బస్తీ దవాఖానాలు 2018 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. బీపీ, షుగర్ మాత్రలు అక్కడ ఉచితంగా ఇస్తారు. అయినా మన పెద్దవాళ్లు మందుల షాపులో డబ్బు పెట్టి నాలుగు రోజుల మాత్రలే కొనుక్కుంటారు. ఆ తర్వాత మానేస్తారు. పక్షవాతం వచ్చాక అందరం చందాలు వేస్తాం. ఒక్కసారి దవాఖానాలో పేరు నమోదు చేయించి, నెలకోసారి గుర్తు చేస్తే ఆ చందా అవసరం రాకపోవచ్చు.

రెండోదానికి ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. అంటే రేషన్ కార్డు బియ్యానికి మాత్రమే కాదు, వైద్యానికి కూడా తాళం చెవి. కొడుకు కార్డు నుంచి పేరు పోయి, తన పేరిట కార్డు లేని వృద్ధురాలు బియ్యంతో పాటు వైద్యం కూడా పోగొట్టుకుంటుంది. 70 ఏళ్లు దాటినవారికి మరో దారి ఉంది. 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. దీనికి ఆదాయ పరిమితి లేదు. ఆధార్ మీద నమోదు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స. ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకు ఏ కార్డు నడుస్తుందో చేరే ముందే అక్కడి ఆరోగ్యమిత్ర డెస్కులో అడగాలి. డబ్బు కట్టాక అడిగితే తిరిగి రావడం కష్టం.

మన దగ్గరే నాంపల్లిలో ఏరియా ఆసుపత్రి, కింగ్‌కోఠిలో జిల్లా ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో పెద్దవాళ్లకు వేరే వరుస ఉండాలని 2007 నాటి చట్టమే చెబుతోంది. నయం కాని దశలో ఉన్న క్యాన్సర్ రోగులకు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం దొరుకుతుంది. ఇక చేసేదేమీ లేదని ఇంటికి తెచ్చేసినవారికి కూడా అక్కడ చేయగలిగింది ఉంటుంది.

చేతికర్ర, కళ్లజోడు, వినికిడి మిషన్

రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన తెలుగు నేల మీదే, నెల్లూరులో మొదలైంది. 60 ఏళ్లు దాటి, దారిద్య్ర రేఖకు దిగువన లేదా నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి మిషన్, కళ్లజోడు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో వీటిని అందిస్తుంది. ముందు శిబిరంలో పరీక్ష చేసి ఎవరికి ఏది కావాలో రాసుకుంటారు, తర్వాత ఇస్తారు. శిబిరం ఎప్పుడో తెలుసుకుని, మన బస్తీ పెద్దల జాబితాతో వెళ్లగలిగితే చక్రాల కుర్చీల కోసం వేరే విరాళాలు వసూలు చేయనక్కరలేదు. ఆ డబ్బు మరో పనికి మిగులుతుంది.

కన్నబిడ్డలు చూడకపోతే

దీని గురించి మాట్లాడడానికి మనం ఇష్టపడం. ఇంటి పరువు అంటాం. కానీ పరువు కోసం పస్తులుండే అమ్మీజాన్‌లు మన గల్లీల్లోనే ఉన్నారు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు కొడుకులు, కూతుళ్ల నుంచి, పెద్దవారైన మనవల నుంచి పోషణ కోరవచ్చు. పిల్లలు లేనివారు తమ ఆస్తికి వారసులయ్యే బంధువులను అడగవచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ ఈ అర్జీలు వింటుంది. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణముంటే మరో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ భత్యం ఇప్పించవచ్చు.

సహాయ సంస్థలకు ముఖ్యమైన అంశం ఈ చట్టంలోని 5వ సెక్షన్‌లో ఉంది. స్వయంగా అర్జీ పెట్టుకోలేని వృద్ధుల తరఫున, వారు అధికారం ఇస్తే, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ అర్జీ పెట్టవచ్చు. కన్నకొడుకు మీద కాగితం రాయడానికి ఏ తల్లికీ చేయి ఆడదు. పక్కన ఒక సంస్థ నిలబడితే, చాలాసార్లు నోటీసు దాకా వెళ్లకుండానే పెద్దలు కూర్చుని మాట్లాడుకుని పరిష్కారం దొరుకుతుంది. చట్టం కూడా ముందు రాజీకే అవకాశమిస్తుంది.

ఆస్తి విషయంలో 23వ సెక్షన్ తెలిసి ఉండాలి. తనను చూసుకోవాలన్న షరతుతో ఈ చట్టం వచ్చాక ఆస్తి రాసిచ్చి, తర్వాత నిరాదరణకు గురైతే ఆ బదిలీని రద్దు చేయమని అడగవచ్చు. అయితే షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో ఒక తల్లి కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా అర్థం చేసుకోవాలని చెప్పి ఆమె ఆస్తిని తిరిగి ఇప్పించింది. మన ఇళ్లలో హిబా తరచు నోటిమాటగానే జరుగుతుంది. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడంతో అయిపోతుంది. రేపు కొడుకు మాట తప్పితే ఆ తల్లి చేతిలో చూపడానికి ఏమీ ఉండదు. ఇల్లు ఇచ్చేముందే ఒక న్యాయవాదినీ, ఒక ఆలిమ్‌నూ అడిగి, చూసుకునే బాధ్యతను కాగితం మీద పెట్టించడం కొడుకు మీద అనుమానం కాదు, తల్లికి రక్షణ. ఉచిత న్యాయ సలహాకు న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.

గుర్తుంచుకోవలసిన నంబరు

వృద్ధుల సహాయవాణి నంబరు 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. పింఛను సమాచారం, చట్ట సలహా, ఒంటరితనంలో ధైర్యం, రోడ్డున పడ్డవారికి ఆశ్రయం వంటి వాటికి దారి చూపుతారు. ఈ రోజు దేశమంతటా ఉన్న ఈ సేవకు పుట్టిల్లు మన హైదరాబాదే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో ఇక్కడి వృద్ధుల కోసం మొదలుపెట్టాయి. 2021లో అది జాతీయ సేవ అయింది. ఒక ధర్మసంస్థ చేసిన చిన్న ప్రయత్నం ఎంత దూరం వెళ్తుందో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఈ నంబరును పెద్ద అక్షరాల్లో రాసి ప్రతి రేషన్ కిట్‌కు అంటించండి.

దాత లెక్క

ఒక పింఛను ఏడాదికి 24,192 రూపాయలు. ఒక సహాయకుడికి, అతని ప్రయాణాలకు, జిరాక్సులకు కలిపి నెలకు 20,000 రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. ఏడాదికి 2,40,000. ఆ ఏడాదిలో అతను ఇరవై మందికి పింఛను ఇప్పించగలిగితే వారి ఇళ్లకు ఏడాదికి 4,83,840 రూపాయలు చేరతాయి. మరుసటి ఏడాది కూడా అంతే చేరుతుంది, దానికి మనం మళ్లీ ఖర్చు పెట్టనక్కరలేదు. మంజూరు మన చేతిలో లేదు కాబట్టి ఇరవై అన్నది హామీ కాదు. పది మందికే అయినా రెండో ఏడాది చివరికి పెట్టిన ఖర్చు రెట్టింపుగా వారి ఇళ్లకు చేరినట్టే.

ఒక జాగ్రత్త. జకాత్ సొమ్మును హక్కుదారు చేతికే ఇవ్వాలని, సిబ్బంది జీతాలకు వాడకూడదని చాలామంది ఉలమా చెబుతారు. కాబట్టి సహాయకుడి ఖర్చుకు సదకా, లిల్లాహ్ పద్దు కింద విరాళమిచ్చి, ఆ మాట రసీదు మీద రాయించండి. సందేహముంటే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. జకాత్‌ను మాత్రం పింఛను వచ్చేదాకా ఆ ఇంటికి నెలవారీ సాయంగా వాడవచ్చు. అప్పుడు రెండు పద్దులూ ఒకే ఇంటికి రెండు విధాలుగా ఉపయోగపడతాయి.

డబ్బు ఇవ్వలేనివారికీ పని ఉంది. రిటైరైన గుమస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు మనలో ఎందరో ఉన్నారు. శుక్రవారం నమాజు తర్వాత ఒక గంట మసీదు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే చాలు. వచ్చినవారి కాగితాలు చూసి, ఏది తప్పిందో ఒక చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. కాలేజీ పిల్లలు వారిని మీ సేవకు తీసుకెళ్లవచ్చు. ఒక్క నియమం తప్పకుండా పాటించాలి: పెద్దవాళ్ల అసలు కాగితాలు, బ్యాంకు కార్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ మన దగ్గర పెట్టుకోకూడదు. పని పూర్తయ్యాక అన్నీ వారి చేతికే ఇచ్చేయాలి.

వచ్చే రంజాన్‌కు కిట్లు తప్పక పంచుదాం. పంచేటప్పుడు ప్రతి పెద్దాయననూ, ప్రతి పెద్దమ్మనూ మూడు ప్రశ్నలు అడుగుదాం. మీకు పింఛను వస్తోందా? రేషన్ కార్డులో మీ పేరుందా? బీపీ, షుగర్ మాత్రలు ఎక్కడ తీసుకుంటున్నారు? ఆ జవాబులు ఒక పుస్తకంలో రాసుకుంటే ఏడాది పొడవునా చేయవలసిన పని అందులోనే ఉంటుంది. ఆ పై ఏడు కిట్ల వరుసలో కొన్ని పాత ముఖాలు కనిపించకపోతే, వారి పేర్ల ఎదురుగా పింఛను మొదలైందని ఆ పుస్తకంలో రాసి ఉంటే, మన విరాళం ఫలించినట్టే.